శవాలు కదలవు: సికందర్ బాగ్ ఫొటో, ఫెలీచే బెయాటో బేరం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: లక్నోలోని సికందర్ బాగ్ శిథిలాల ముందు ఎముకలు, పుర్రెలు పరుచుకుని ఉన్న 1858 నాటి ఫొటో మీ కంటబడింది. అది నిజమైన యుద్ధం ఫొటోనా, లేక ఎవరో అమర్చి తీసిందా? ఆ రోజుల్లో ఫొటోగ్రాఫర్లు తూటాల మధ్య తిరిగేవాళ్ళా? అంత దూరం నుంచి వచ్చి ఇలాంటివి తీయడానికి డబ్బు ఎవరిచ్చారు?

పాత ప్రింట్లు, గాజు నెగటివ్‌లు భద్రపరిచే పనిలో చాలా కాలంగా ఉన్నాను. తడి ప్లేటు పద్ధతిలో సొంతంగా కొన్ని ఫొటోలు తీసిన అనుభవమూ ఉంది. నన్నడిగితే మీ ప్రశ్నల్లో చివరిదే అసలు ప్రశ్న. డబ్బు ఎవరిచ్చారో తెలిస్తే మిగతా రెండింటికీ జవాబు సగం దొరికినట్టే.

ఆ ఫొటో తీసినవాడి పేరు ఫెలీచే బెయాటో. 1832లో వెనిస్‌లో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం కోర్ఫూ ద్వీపానికి, అక్కణ్ణుంచి కాన్‌స్టాంటినోపుల్‌కి, అంటే ఇవాళ్టి ఇస్తాంబుల్‌కి మారింది. కోర్ఫూ అప్పట్లో ఇంగ్లీషువాళ్ళ రక్షణలో ఉండేది కాబట్టి ఇటలీ మనిషే అయినా బ్రిటిష్ పౌరుడిగా చెలామణీ అయ్యాడు. తర్వాత జీవితమంతా ఈ హోదా బాగా కలిసొచ్చింది. కాన్‌స్టాంటినోపుల్‌లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఇంగ్లీషు మనిషి ఉండేవాడు. సుల్తాను టంకశాలలో నాణేల అచ్చులు చెక్కడం ఉద్యోగం, ఫొటోలు తీయడం రెండో పని. 1855లో బెయాటో చెల్లెలు లియోనిల్డాని పెళ్ళి చేసుకున్నాడు. బావగారి దగ్గరే బెయాటో చేయి తిరిగింది.

బెయాటోకి ఒక తమ్ముడు ఉన్నాడు, ఆంటోనియో. అతనూ ఫొటోగ్రాఫరే, తర్వాత ఈజిప్టులో లక్సర్‌లో స్థిరపడ్డాడు. అన్నదమ్ములు కొన్ని ఫొటోల మీద ఇద్దరి పేర్లూ కలిపి సంతకం చేయడంతో ‘ఫెలీచే ఆంటోనియో బెయాటో’ అనే ఒకే మనిషి ఉన్నాడని చాలా ఏళ్ళు అందరూ నమ్మారు. ఒకే ఏడాది ఈజిప్టులోనూ జపాన్‌లోనూ ఎలా ఉన్నాడబ్బా అని చరిత్రకారులు తలలు పట్టుకున్నారు. 1980లలో గానీ ఆ చిక్కు వీడలేదు. ఫెలీచే ఎక్కడ, ఎప్పుడు పుట్టాడో, ఎక్కడ పోయాడో తేలింది ఇంకా ఆలస్యంగా, 2009లో మరణ ధ్రువపత్రం దొరికాక. నెట్‌లో ఇప్పటికీ పాత వివరాలే తిరుగుతున్నాయి, చూసుకోండి.

1855 నాటికి క్రిమియా యుద్ధం నడుస్తోంది, రష్యా ఒకవైపు, ఇంగ్లండ్, ఫ్రాన్స్, తుర్కీ ఇంకోవైపు. అక్కడికి ముందు వెళ్ళింది ఇంగ్లండ్ నుంచి రోజర్ ఫెంటన్. మాంచెస్టర్‌కి చెందిన ఆగ్న్యూ అనే ప్రింట్ల ప్రచురణ సంస్థ పంపితే వెళ్ళాడు. మార్చిలో దిగి, జూన్ చివర్లో కలరా పట్టుకుని వెనక్కి వచ్చాడు. మూడున్నర వందలకు పైగా నెగటివ్‌లు తెచ్చాడు గానీ వాటిలో శవం ఒక్కటీ లేదు. అధికారులు, గుడారాలు, ఓడరేవు, ఫిరంగి గుండ్లు దొర్లిన ఖాళీ లోయ, అంతే. ఇంగ్లండ్‌లో మధ్యతరగతి ఇళ్ళలో గోడకు తగిలించుకునే బొమ్మలు అమ్మాలనుకున్న ప్రచురణకర్తకి శవాలతో పనేముంది? సెప్టెంబర్లో రష్యా వాళ్ళ కోట నగరం సెవస్తొపోల్ పడిపోయాక రాబర్ట్‌సన్, బెయాటో వెళ్ళి కూలిన బురుజులు, వదిలేసిన ఫిరంగులు తీశారు. బెయాటోకి యుద్ధభూమి పరిచయం అక్కడే.

ఇక్కడ కెమెరా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తర్వాతది అర్థం కాదు.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ తడి కొలోడియన్ పద్ధతిని బయటపెట్టాడు. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఫొటో తీసి, వెంటనే చీకటి గుడారంలో డెవలప్ చేయాలి. అంతా కలిపి ఓ పది నిమిషాల్లో అయిపోవాలి. చల్లటి గదిలో చేస్తేనే నాకు చెమటలు పట్టాయి. మన ఎండల్లో కొలోడియన్‌లోని ఈథర్ చూస్తుండగానే ఆవిరైపోతుంది, ప్లేటు అంచులు ముందే ఎండిపోతాయి, దుమ్ము అంటుకుంటుంది. అందుకే బెయాటో ఇండియాలో, చైనాలో ఎక్కువగా ఇంకో పాత పద్ధతి వాడాడు. గుడ్డు తెల్లసొన పూసిన గాజు ప్లేట్లు అవి. ముందే తయారుచేసి పెట్టెలో పెట్టుకుని తిరగొచ్చు, గుడారం పక్కనే ఉండాల్సిన పనిలేదు. కాకపోతే వెలుతురుకి అవి చాలా మందకొడిగా స్పందిస్తాయి, లెన్సు మూత ఎక్కువసేపు తీసి ఉంచాలి. ఈలోగా మనిషి నడిస్తే మసకగా మిగులుతాడు, గుర్రం తోక ఊపితే తోక మాయం. పరుగెత్తే సైనికుడైతే అసలు పడనే పడడు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు: తిరగలేదు, తిరిగినా లాభం లేదు. యుద్ధం జరుగుతుండగా ఆ కెమెరాకి కనిపించేది పొగ మాత్రమే. యుద్ధం అయిపోయాక మిగిలే రెండు వస్తువులే దానికి చిక్కుతాయి. ఒకటి కూలిన గోడ, రెండోది శవం.

ఇక లక్నో. 1857 నవంబర్ 16న సర్ కాలిన్ క్యాంబెల్ సేనలు సికందర్ బాగ్ మీద పడ్డాయి. అవధ్ చివరి నవాబు వాజిద్ అలీ షా కట్టించిన తోట అది, చుట్టూ ఎత్తైన ప్రహరీ. లోపల తిరుగుబాటు సిపాయిలు. గోడకి ఫిరంగులతో కన్నం కొట్టి 93వ హైలాండర్లు అనే స్కాట్లండ్ దళం, 4వ పంజాబ్ దళం లోపలికి దూరారు. బయటకు దారి లేదు. చనిపోయిన సిపాయిలు సుమారు 2,000 మంది అని ఇంగ్లీషువాళ్ళే రాసుకున్నారు. అయితే ఆ నవంబర్లో క్యాంబెల్ నగరాన్ని నిలబెట్టుకోలేదు. ఇంగ్లీషు అధికారుల నివాసమైన రెసిడెన్సీలో చిక్కుకున్న తమవాళ్ళని తీసుకుని వెనక్కి తగ్గాడు. లక్నో మళ్ళీ పూర్తిగా ఇంగ్లీషువాళ్ళ చేతికి వచ్చింది 1858 మార్చిలో.

బెయాటో కలకత్తాలో ఓడ దిగింది 1858 ఫిబ్రవరిలో. సికందర్ బాగ్ ఫొటో తీసింది మార్చి ఆఖరులోనో ఏప్రిల్లోనో. అంటే చంపినరోజుకీ ఫొటోకీ మధ్య నాలుగు నెలల పైచిలుకు. అన్ని నెలలు ఎండకీ, గద్దలకీ, కుక్కలకీ వదిలేసిన చోట ఎముకలు అంత శుభ్రంగా, కెమెరా ముందు నేల మీద అంత ఒద్దికగా ఎలా ఉన్నాయన్న అనుమానం మీకొక్కరికే వచ్చింది కాదు. అప్పట్లో లక్నోలో అధికారిగా ఉన్న సర్ జార్జ్ క్యాంబెల్ (పైన చెప్పిన సేనాని కాలిన్ వేరు, ఈయన వేరు) తన జ్ఞాపకాల్లో ఈ సంగతి రాశాడు. శవాల గుట్టని మర్యాదగా కప్పేశారనీ, ఫొటోగ్రాఫర్ మాత్రం వాటిని మళ్ళీ బయటకు తీయించి ఫొటో తీసుకున్నాకే చివరి ఏర్పాట్లు చేయనిచ్చాడనీ ఆయన మాటల సారాంశం. నేను ఆ మాట నమ్ముతాను. బెయాటోని ఇరికించి ఆయనకి ఒరిగేదేమీ లేదు, పైగా ఫొటో కూడా అదే చెబుతోంది.

ఫొటో మళ్ళీ ఒకసారి తెరిచి చూడండి. వెనక స్తంభాల భవనం, ఫిరంగి దెబ్బలకి చిట్లిన గచ్చు. ముందు నేల మీద ఎముకలు. మధ్యలో కొద్దిమంది మనుషులు, ఒక గుర్రం. ఆ మనుషులు భారతీయులే. ఎవరి చూపూ ఎముకల మీద లేదు. లెన్సు మూత తీసి ఉన్నంతసేపూ కదలకుండా ఉండమని చెప్తేనే అలా నిలబడతారు. ఆ స్థలంలో ఎముకలతో పాటు బతికున్న మనుషుల్ని కూడా అమర్చారన్నమాట. భవనం ఎంత పెద్దదో తెలియడానికి మనిషిని నిలబెట్టడం అప్పటి ఫొటోగ్రాఫర్లందరూ చేసేదే. కానీ రెండు వేలమందిని నరికిన చోట మన మనుషుల్నే తెచ్చి కొలబద్దలా నిలబెట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మరి ఇది ఫేకా? ఆ మాట నేను వాడను. చంపింది నిజం, చోటు నిజం, ఆ ఎముకలు అక్కడ చచ్చినవాళ్ళవే అనడానికీ అడ్డేమీ లేదు. లెక్క ప్రకారం అబద్ధమాడింది సమయం ఒక్కటే. నవంబర్లో జరిగినదాన్ని ఏప్రిల్లో మళ్ళీ పేర్చి, చూసేవాడికి నిన్ననే జరిగినట్టు అనిపించేలా చేశాడు. ఆ పని బెయాటో ఒక్కడే చేశాడనుకోవద్దు. అమెరికా అంతర్యుద్ధంలో, 1863లో గెటిస్‌బర్గ్‌లో ఫొటోగ్రాఫర్ అలెగ్జాండర్ గార్డనర్ బృందం అక్కడి దక్షిణాది సైన్యపు కుర్రాడి శవాన్ని దాదాపు 40 గజాలు మోసుకెళ్ళి, రాళ్ళ చాటున పడుకోబెట్టి, పక్కన తుపాకీ ఆనించి, గురిచూసి కాల్చే సైనికుడి కథ అల్లింది. వందేళ్ళు దాటాక ఆ రాళ్ళను, వేర్వేరు ఫొటోలను పోల్చి చూసి గానీ అది పట్టుకోలేకపోయారు.

తేడా ఏమిటంటే, గార్డనర్ ఫొటోలు కొనేవాళ్ళ ఊళ్ళల్లోంచే ఆ చచ్చినవాళ్ళు వచ్చారు. శవం ఏ పక్షందైనా ఇంకో ఇంట్లో ఏడుపు. బెయాటో ఫొటోలు కొన్నది ఎవరు? చంపినవాళ్ళు. లక్నోలో, ఢిల్లీలో, కాన్పూర్‌లో ఉన్న ఇంగ్లీషు అధికారులు తాము పోరాడిన చోట్ల ఫొటోలు కొనుక్కుని ఆల్బమ్‌లలో అతికించుకుని ఇంటికి పట్టుకెళ్ళేవాళ్ళు. అప్పటి పత్రికల్లో ఫొటోని నేరుగా అచ్చువేసే వీలు లేదు. ఫొటో చూసి చెక్క మీద చెక్కి వేయాల్సిందే. కాబట్టి బెయాటో బేరం పత్రికలతో కాదు, విడి ప్రింట్లతో, ఆల్బమ్‌లతో. దండు వెంట బజారు నడిచేది కదా, పిండి, సారా, గుర్రాల నాడాలు అమ్ముకుంటూ. ఆ బజారులో బెయాటోది కూడా ఒక దుకాణం. ఆయన తీసిన ఊళ్ళ జాబితా చూస్తే ఇది తేటతెల్లం. ఢిల్లీలో కాశ్మీరీ గేటు, కాన్పూర్‌లో ఇంగ్లీషువాళ్ళు చచ్చిన చోట్లు, లక్నోలో రెసిడెన్సీ. ఇంగ్లీషువాళ్ళ కథలో ఏ మలుపు ఎక్కడ జరిగిందో ఆ వరసలోనే తిరిగాడు. పెద్ద ఇమాంబాడా మీదినుంచి ప్లేటు పక్కన ప్లేటు కలిపి తీసిన లక్నో పనోరమా మాత్రం అద్భుతం, అది ఒప్పుకోవాలి. ఆ తర్వాత కూలగొట్టిన నగరం ఎంతో అందులో మిగిలి ఉంది.

అన్నట్టు, లక్నోకి కెమెరా తెచ్చింది బెయాటో కాదు. 1857కి ముందే అక్కడ అహ్మద్ అలీ ఖాన్ అనే స్థానికుడు నగరంలోని ఇంగ్లీషు దొరలనీ, దొరసానులనీ కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. తిరుగుబాటు వచ్చాక అతను అటువైపు చేరాడని చెబుతారు. అతను తీసిన మనుషుల్లో కొందరు రెసిడెన్సీ ముట్టడిలో చనిపోయారు. యుద్ధాన్ని అతని వైపునుంచి చూపే ఫొటోలు మన చేతికి రాలేదు.

చైనాకి వద్దాం, ఎందుకంటే బెయాటో పద్ధతి అక్కడ ఇంకా బాహాటంగా కనిపిస్తుంది. 1860లో రెండో నల్లమందు యుద్ధం. ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలతో పాటు బయల్దేరాడు, ఈసారి యుద్ధం అయ్యాక రాకుండా మొదటినుంచీ వెంటే ఉన్నాడు. తోడు చార్లెస్ వర్గ్‌మన్, ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికకి బొమ్మలు గీసే చిత్రకారుడు. ఆగస్టు 21న, పెకింగ్ (ఇవాళ్టి బీజింగ్) దారిని కాచే తాకూ కోటల్లో ఉత్తరపు కోట పడిపోయింది. డేవిడ్ రెనీ అనే సైనిక వైద్యుడు బురుజు మీద నడుస్తూ చూసింది రాసిపెట్టాడు. ఒక ఫిరంగి చుట్టూ పదమూడు మంది చైనా సైనికుల శవాలు గుంపుగా పడి ఉన్నాయి. అక్కడ బెయాటో మహా ఉత్సాహంగా ఉన్నాడు. ఆ గుంపు ‘అందంగా’ ఉందనీ, తన కెమెరాతో తీసుకునేదాకా ఎవరూ కదిలించొద్దనీ బతిమాలుతున్నాడు. కొద్ది నిమిషాల్లో తీసుకున్నాడు కూడా.

ఈ మాట చదివి చాలామంది బెయాటోని రాక్షసుడిగా చూస్తారు. నాకు మాత్రం అది వృత్తిలో ఉన్నవాడి నోట అలవాటుగా వచ్చే మాటలాగే వినిపిస్తుంది, అందుకే ఇంకా భయం వేస్తుంది. అయితే ఇక్కడ రెనీ చెప్పిన ఇంకో విషయం గమనించండి. కదిలించొద్దన్నాడు. సికందర్ బాగ్‌లో కప్పినవాటిని మళ్ళీ బయటకు తీయించాల్సి వచ్చింది, తాకూలో అలాగే వదిలేయమంటే సరిపోయింది. ముందే వచ్చినవాడికి అమర్చుకోవాల్సిన పని లేదు. ఒక్క విషయంలో మాత్రం రెండు చోట్లా ఒకే నియమం: తాకూలో ఇంగ్లీషు సైనికులూ చనిపోయారు, వాళ్ళ శవం ఒక్కటీ బెయాటో ఫొటోల్లో కనబడదు. కొనేవాడు తన తోటివాడి శవాన్ని ఆల్బమ్‌లో అతికించుకోడు.

అదే అక్టోబర్లో ఇంకో ముచ్చట. 18న ఇంగ్లీషు రాయబారి ఎల్గిన్ ప్రభువు ఆజ్ఞతో పెకింగ్ వేసవి రాజప్రాసాదాలు తగలబెట్టారు. 24న ఒప్పందం మీద సంతకాలు. చైనా తరఫున చక్రవర్తి తమ్ముడు గాంగ్ యువరాజు వచ్చాడు, ఇంకా ముప్పై నిండని కుర్రాడు. సభా మందిరం ద్వారం దగ్గర బెయాటో తన కెమెరా నిలబెట్టి, ఆ పెద్ద లెన్సుని యువరాజు గుండెకేసి తిప్పాడు. అది ఏ రకం ఫిరంగో, ఏ క్షణాన తల లేచిపోతుందోనని యువరాజు మొహం పాలిపోయిందని ఇంగ్లీషు సేనాని హోప్ గ్రాంట్ రాశాడు. అంత హడావుడి చేసినా వెలుతురు చాలక ఆ ఫొటో పాడైపోయింది. నవంబర్ 2న గాంగ్ మళ్ళీ కూర్చున్నాడు. ఆ పోర్ట్రెయిట్ మీరు చూసే ఉంటారు. నాకు తెలిసినంతలో బెయాటో తీసిన ఓడిపోయినవాళ్ళ ఫొటోల్లో ఆ మనిషికి ఒక మొహం, ఒక మనసు ఉన్నట్టు కనిపించేది అదొక్కటే. రెండు వారాల కింద తన అన్న ప్రాసాదాలు తగలబడినవాడి కళ్ళు అవి.

డబ్బు సంగతి పూర్తిచేస్తాను. 1861లో ఇంగ్లండ్ వెళ్ళి ఇండియా, చైనా ఫొటోలు నాలుగు వందల దాకా లండన్‌లో హెన్రీ హెరింగ్ అనే స్టూడియో యజమానికి అమ్మేశాడు. హెరింగ్ వాటి ప్రింట్లు తీసి జనానికి అమ్మాడు. ఆ డబ్బుతో 1863లో జపాన్ చేరి, యోకొహామాలో వర్గ్‌మన్‌తో కలిసి స్టూడియో పెట్టాడు. ఇప్పుడు చాలామందికి తెలిసిన బెయాటో ఈ బెయాటోనే: చేత్తో రంగులద్దిన సమురాయ్‌లు, గెయిషాలు, కొండదారులు. 1866లో యోకొహామా అగ్నిప్రమాదంలో స్టూడియో, నెగటివ్‌లు బూడిదైతే మళ్ళీ మొదటినుంచీ తీసి 1868లో ఆల్బమ్‌లుగా వేశాడు. మధ్యమధ్య యుద్ధం పిలిస్తే వెళ్ళేవాడు. 1864లో జపాన్‌లోనే షిమొనొసెకి, 1871లో అమెరికా నౌకాదళంతో కొరియా. చివరికి వెండి మారకం జూదంలో డబ్బు పోగొట్టుకుని 1884లో జపాన్ వదిలాడు. తర్వాత సూడాన్‌లో ముట్టడిలో చిక్కిన ఇంగ్లీషు జనరల్ గోర్డన్‌ని కాపాడటానికి ఆలస్యంగా వెళ్ళిన సేన వెనక కొన్నాళ్ళు, ఆ తర్వాత బర్మా. మాండలేలో స్టూడియోతో పాటు చెక్క సామాన్లు, పట్టుబట్టలు, వింత వస్తువులు కేటలాగు చూసి తెప్పించుకునే దుకాణం నడిపాడు. 1907లో కంపెనీ దివాలా, 1909 జనవరిలో ఫ్లారెన్స్‌లో మరణం.

ఆ మాండలేలోనే, బెయాటో రాకకి కొద్ది నెలల ముందు జరిగిన ఒక గొడవ మనకి కొంచెం దగ్గరది. మద్రాసు సైన్యంలో విలబీ వాలెస్ హూపర్ అనే అధికారి ఉండేవాడు. ధాత నామ సంవత్సరంలో మొదలైన 1876-78 కరువులో, బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయిన ఆ కరువులో, మద్రాసు ప్రెసిడెన్సీలోని ఎముకల గూళ్ళలాంటి మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీసింది ఇతనే. కరువు అని వెతికితే ఇప్పటికీ ముందు వచ్చేవి అవే. 1886 జనవరిలో ఇతను మాండలేలో సైనిక శిక్షలు అమలుచేసే ప్రొవోస్ట్ మార్షల్. తిరగబడ్డ బర్మా వాళ్ళని వరసగా నిలబెట్టి కాల్చేటప్పుడు, తూటా తగిలే క్షణం సరిగ్గా ప్లేటు మీద పడాలని కాల్పుల ఆజ్ఞని ఆలస్యం చేయించాడని ఆరోపణ వచ్చింది. లండన్ టైమ్స్‌లో వార్త, పార్లమెంటులో ప్రశ్నలు, విచారణ, చివరికి బహిరంగ మందలింపు.

బెయాటో నుంచి హూపర్ దాకా ముప్పై ఏళ్ళలో మారింది మనుషుల స్వభావం అనుకోను. మారింది ప్లేటు. 1880ల నాటికి జెలటిన్ డ్రై ప్లేట్లు వచ్చేశాయి, రెప్పపాటులో ఫొటో పడుతుంది. బెయాటో కెమెరాకి చచ్చినవాడు కావాలి. హూపర్ కెమెరాకి చస్తున్నవాడు చాలు. బెయాటో మీద సికందర్ బాగ్ విషయంలో ఎవరూ విచారణ పెట్టలేదు, హూపర్ మీద పెట్టారు. శవాన్ని ఆలస్యంగా తీయడం, ప్రాణాన్ని ఆలస్యంగా తీయడం ఒకటి కాదని అప్పటివాళ్ళకీ తెలుసు.

ఈ ఫొటోలు చూడాలంటే లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ మ్యూజియం సైటు మంచిది, బెయాటో సేకరణ అక్కడ పెద్దది. బ్రిటిష్ లైబ్రరీ దగ్గర, మన ఢిల్లీలోని అల్కాజీ సేకరణలో లక్నో ప్రింట్లు ఉన్నాయి. చూసేటప్పుడు కింద రాసిన మాటల్ని ఫొటోతో సమానంగా అనుమానించండి. లక్నోలో ఉరితీసిన 31వ నేటివ్ ఇన్‌ఫంట్రీ సిపాయిలిద్దరి ఫొటో కింద చాలాచోట్ల 1857 అని ఉంటుంది. 1858 ఫిబ్రవరిదాకా బెయాటో ఇండియాలో అడుగే పెట్టలేదు. సికందర్ బాగ్ ఫొటో కింద కూడా ‘నవంబర్ 1857లో క్యాంబెల్ మొదటి దాడి’ అనే రాశారు, ఫొటో ఎప్పుడు తీశారో రాయలేదు. ‘2,000 మంది తిరుగుబాటుదారుల్ని చంపాక’ అని అంకెతో సహా వేసి, ఏ దళాలు చంపాయో పేర్లతో సహా చెప్పారు. ఆ దళాల అధికారులే మొదటి కొనుగోలుదారులు.